వాయిదా తప్పిన అప్పు – వసూలునకు గల హద్దులు

వాయిదా చెల్లింపలేని ఇంటి ముందు వసూలుదారు వచ్చి కూర్చున్నప్పుడు ఆ ఇంటివారు మొదట కబురు చేయునది తమ వార్డు మెంబరునకు. పోలీసు ఠాణా, వకీలు, కోర్టు ఇవన్నియు ఆ తరువాతి మాట. మెంబరు వచ్చి ఎవరి పక్షమున ఏమి మాటాడునో దానినిబట్టియే ఆ సాయంకాలము ఆ ఇంటిలో జరుగబోవునది చాలవరకు నిర్ణయమగుచుండును. కావున అప్పు వసూలును గూర్చి చట్టము ఏమి చెప్పుచున్నదో పంచాయతీ సభ్యులు తెలిసికొని యుండుట అవసరము. స్త్రీల బృందములకు హామీ లేకుండ చిన్న అప్పులిచ్చు సూక్ష్మఋణ కంపెనీల వసూళ్లను గూర్చియే మేమిచ్చట ముఖ్యముగా ప్రస్తావించుచున్నాము. తక్కిన అప్పులను గూర్చి చివర కొంత చెప్పెదము.

ముందుగా ఒక సంగతి స్పష్టము చేయవలసి యున్నది. వసూలుదారు దుర్భాషలాడినంత మాత్రమున బాకీ రద్దు కాదు. అట్లని ఊరివారికి ఆశ చూపు మెంబరు వారికి మేలు చేసినవాడు కాడు. బాకీ యున్నంత మాత్రమున వసూలుదారునకు ఇంటిలో జొరబడుటకు గాని, నలుగురిలో అవమానించుటకు గాని హక్కు కలుగదు. ఈ రెండును వేర్వేరు వ్యవహారములు. బాకీ సివిలు వ్యవహారము, బెదిరింపు నేరము. ఠాణాలో ‘ఇది అప్పు తగాదా, మాకు సంబంధము లేదు’ అని త్రిప్పి పంపినప్పుడు మెంబరు ఓపికతో చెప్పవలసిన మాట ఇదియే: ‘అప్పు సంగతి మేము అడుగుట లేదు, ఇంటిలో జొరబడిన సంగతి చెప్పుటకు వచ్చితిమి.’

మన అనుభవములో ఇది క్రొత్త సమస్య కాదు. 2006 మార్చిలో కృష్ణా జిల్లాలో అధిక వడ్డీ, బలవంతపు వసూళ్లను గూర్చి ఆరోపణలు రాగా అధికారులు సుమారు 50 సూక్ష్మఋణ శాఖలను మూయించిరి. నాలుగేండ్లకు, 2010 లో, పరిస్థితి మరింత విషమించెను. ఒక్కొక్క ఇంటికి మూడు నాలుగు కంపెనీలు అప్పులిచ్చి, వారము వారము వసూలు చేసికొనుచుండగా, ఒకరి వాయిదా తీర్చుటకు మరియొకరి వద్ద అప్పు తీయుట అలవాటయ్యెను. వసూలు ఒత్తిడికి తాళలేక స్త్రీలు ప్రాణములు తీసికొన్నట్లు వార్తలు వెలువడెను. ఆ సంవత్సరము అక్టోబరు 15 న ఆంధ్ర ప్రదేశ్ ప్రభుత్వము ఒక ఆర్డినెన్సును జారీచేసెను. అది 2011 లో 1వ చట్టమయ్యెను. కంపెనీలు జిల్లా అధికారి వద్ద నమోదు కావలెననియు, వారపు వసూలునకు బదులు నెలసరి వసూలు ఉండవలెననియు అందు విధించిరి. పంచాయతీలకు ముఖ్యమైన నియమము మరియొకటి కలదు: వాయిదాల చెల్లింపు గ్రామ పంచాయతీ కార్యాలయమున గాని, కలెక్టరు నిర్ణయించిన బహిరంగ స్థలమున గాని మాత్రమే జరుగవలెను. ఇంటి గుమ్మములో జరుగు దౌర్జన్యమునకు, ఊరందరు చూచుచుండగా జరుగు లావాదేవీకి గల తేడాను ఆ చట్టము వ్రాసినవారు బాగుగా గుర్తించిరని మా యభిప్రాయము.

ఐతే నేడు ఆ చట్టమునే నమ్ముకొని వాదించు మెంబరు చిక్కులో పడును. రిజర్వు బ్యాంకు అదుపులోనున్న కంపెనీలకు రాష్ట్రముల వడ్డీవ్యాపార చట్టములు వర్తింపవని 2022 మే నెలలో సుప్రీం కోర్టు కేరళ, గుజరాతు వ్యాజ్యములలో తీర్పు చెప్పెను. దానిని అనుసరించి 2023 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు, రిజర్వు బ్యాంకు వద్ద నమోదైన కంపెనీలకు ఈ సూక్ష్మఋణ చట్టము వర్తింపదని తీర్మానించెను. కావున అట్టి కంపెనీల విషయమున మనము పట్టుకొనవలసినది రిజర్వు బ్యాంకు 2022 మార్చి 14 న వెలువరించి, ఏప్రిలు 1 నుండి అమలు జరిపించిన నియమములను. ఇవి బ్యాంకులకు, సూక్ష్మఋణ కంపెనీలకు సమానముగా వర్తించునట్లు చేయబడినవి. సంవత్సరమునకు 3,00,000 రూపాయలు మించని ఆదాయము గల కుటుంబమునకు హామీ లేకుండ ఇచ్చు అప్పును సూక్ష్మఋణముగా లెక్కింతురు.

వసూలుదారు ఎచ్చటికి, ఎప్పుడు రావలెను?

వసూలు స్థలము ఉభయులు కలిసి నిర్ణయించుకొన్నదై యుండవలెను. అప్పు తీసికొన్న వ్యక్తి ఆ స్థలమునకు వరుసగా రెండు పర్యాయములు గాని, అంతకు మించి గాని రానప్పుడు మాత్రమే కంపెనీ మనిషి ఇంటికి గాని, పనిచేయుచోటికి గాని పోవచ్చును. ఒక్క వాయిదా తప్పిన మరునాడే ఇంటికి వచ్చి కూర్చున్నవాడు ఈ నియమమును అతిక్రమించిన వాడే. ఇచ్చట పంచాయతీ చేయదగిన ఉపకారము ఒకటి కలదు. స్థలము ఉభయుల ఇష్టము కనుక, పంచాయతీ కార్యాలయమునే ఆ స్థలముగా నిర్ణయించుకొనుడని సభ్యులు సలహా ఇయ్యవచ్చును. 2010 నాటి చట్టము ఆజ్ఞగా చెప్పినదానిని నేడు ఒడంబడికగా సాధించుకొనవచ్చును.

ఉదయము 9 గంటలకు ముందు, సాయంకాలము 6 గంటల తరువాత ఫోను చేయరాదు. పగటివేళనైనను పదే పదే చేయరాదు. బెదిరింపు మాటలు, బూతులు పనికిరావు. బంధువులను, స్నేహితులను, తోడిపనివారిని వేధింపరాదు. బాకీదారుల పేర్లు ప్రకటింపరాదు. అనగా గోడమీద వ్రాయుట, మైకులో చదువుట, ఫోను బృందములలో ఫోటోతో పంపుట అన్నియు నిషిద్ధములే. బలప్రయోగము గాని, బలప్రయోగము చేయుదుమను బెదిరింపు గాని కూడదు. బాకీ ఎంతయో, చెల్లింపనిచో ఏమగునో ఆ విషయమున అబద్ధములు చెప్పరాదు. ఈ చివరి నియమమును సభ్యులు గుర్తుంచుకొందురు గాక. ‘రేపు పోలీసులు వచ్చి పట్టుకొనిపోవుదురు’, ‘రేషను కార్డు రద్దగును’, ‘మీ పిల్లలకు ఉద్యోగములు రావు’ అను మాటలు గ్రామములలో వినబడుచుండును. ఇవి వట్టి బెదిరింపులే కాక నియమోల్లంఘనములు కూడను.

కంపెనీ తన వసూలు పనిని మరియొక ఏజెంటునకు అప్పగించినచో ఆ ఏజెంటు వివరములను ముందుగా బాకీదారునకు తెలుపవలెను. ఏజెంటు నోటీసు ప్రతిని, కంపెనీ ఇచ్చిన అధికార పత్రమును, గుర్తింపు కార్డును వెంట తెచ్చుకొనవలెను. వచ్చినవానిని మొదట అడుగవలసినది ఇదియే. మర్యాదగా కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, ‘అయ్యా, మీ కాగితములు చూపుడు’ అని అడిగినచో సగము తగవు అక్కడనే చల్లారుట కద్దు.

వీని నన్నిటిని మించి కష్టమైనది బృంద బాధ్యత. ఒకరు చెల్లింపనిచో తక్కిన వారందరు చెల్లింపవలెనని చెప్పి, పదిమంది స్త్రీలను రాత్రివరకు ఒక ఇంటి ముందు కూర్చుండబెట్టుట ఒక పద్ధతి. కంపెనీ మనిషి నోరు మెదపడు. తిట్టువారు ఇరుగు పొరుగువారే. ఫిర్యాదు ఎవరిమీద చేయవలెనో తెలియక బాకీపడిన స్త్రీ నలిగిపోవును. ఇట్టిచోట పోలీసు కన్న పంచాయతీ సభ్యురాలి మాటయే ఎక్కువ పనిచేయును. కూర్చున్న స్త్రీలను లేపి ఇండ్లకు పంపి, కంపెనీ మనిషినే నేరుగా మాటాడుమని కోరవలెను. అందరు సంతకము చేసిన పత్రములో బృంద బాధ్యత వ్రాసియుండవచ్చును. అప్పుడు కంపెనీ ఆ పత్రమును పట్టుకొని చట్టప్రకారము అడుగవచ్చును. కాని ఒకరి గుమ్మమును మరియొకరిచేత ముట్టడింపజేయుటకు ఏ పత్రమును అధికార మియ్యదు.

ఇంటిలోని వస్తువులు

హామీ లేని అప్పునకు వసూలుదారు గిన్నె, గేదె, సిలిండరు, మోటారు సైకిలు ఏదియు తీసికొనిపోరాదు. కోర్టులో దావావేసి, డిక్రీ పొంది, దానిని అమలుపరచు అమీను మాత్రమే జప్తు చేయవచ్చును. అమీనునకైనను హద్దులు కలవు. 1908 నాటి సివిలు ప్రొసీజరు కోడు 60వ సెక్షను ప్రకారము కట్టుబట్టలు, వంటపాత్రలు, మంచములు, పరుపులు, మతాచారమునుబట్టి స్త్రీ తీసివేయరాని ఆభరణములు, చేతిపనివాని పనిముట్లు జప్తునకు లోబడవు. వ్యవసాయదారుని సేద్యపు పనిముట్లు, బ్రతుకుతెరువునకు కావలసిన పశువులు, విత్తనములు, అతడు నివసించు ఇల్లు కూడ ఇట్లే రక్షణ పొందును. సూర్యాస్తమయమైన తరువాత, సూర్యోదయమునకు ముందు జప్తుకై నివాసగృహములో అడుగుపెట్టరాదని 62వ సెక్షను చెప్పుచున్నది. కోర్టు మనిషికే లేని అధికారము కంపెనీ మనిషికి ఎచ్చటినుండి వచ్చునో సభ్యులే ఆలోచింపవచ్చును.

జైలు మాటకు వత్తము. డబ్బు డిక్రీ అమలులో స్త్రీని అరెస్టు చేయుటకు గాని నిర్బంధించుటకు గాని వీలులేదని అదే కోడు 56వ సెక్షను శాసించుచున్నది. పురుషుని విషయమున కూడ, చెల్లించు స్తోమత యుండియు దురుద్దేశముతో ఎగవేసినప్పుడే తప్ప, కేవలము పేదరికమువలన చెల్లింపలేనివానిని నిర్బంధింపరాదని సుప్రీం కోర్టు 1980 లో చెప్పెను. ఇందు ఒక మినహాయింపును దాచరాదు. చెక్కు ఇచ్చి అది చెల్లనిచో అది వేరు కేసు. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టము 138వ సెక్షను ప్రకారము నోటీసు అందిన 15 దినములలో ఆ మొత్తము చెల్లింపనిచో శిక్ష పడవచ్చును. కనుక వ్రాయని చెక్కుపై సంతకము చేసి ఇయ్యవద్దని చెప్పవలసినది అప్పు తీసికొను దినముననే. చెక్కు నోటీసు వచ్చిన ఇంటివారు దానిని దూలములో దోపి ఊరకుండక, ఆ వారములోనే వకీలును చూడవలెను.

అప్పు తీసికొన్న వ్యక్తి మరణించినచో, వారసులు తమకు సంక్రమించిన ఆస్తి మేరకే బాధ్యులు. తమ సొంత కష్టార్జితమునుండి చెల్లింప నక్కరలేదు. బృంద పత్రములోనో, హామీ పత్రములోనో వారు స్వయముగా సంతకము చేసియున్నచో మాత్రము సంగతి వేరు. అదియును గాక, అప్పు ఇచ్చునప్పుడే బీమా ప్రీమియము కోసికొని యుందురేమో ఋణ కార్డులో చూడవలెను. బీమా సొమ్ము రావలసియుండగా విధవరాలిచేత వాయిదాలు కట్టించుకొనుట అన్యాయము.

మొదటి నెలలో చేయదగినది

వాయిదా తప్పిన ఇంటివారు సాధారణముగా చేయు పని కంటబడకుండ తిరుగుట. ఫోను తీయరు, బృంద సమావేశమునకు రారు. వరుసగా రెండుసార్లు రానిచో కంపెనీ మనిషి ఇంటికి వచ్చుటకు అర్హుడగునని పైన చెప్పియుంటిమి. దాగుకొనుట ఆ అర్హతను చేజేతుల ఇచ్చుటయే. దానికన్న సమావేశమునకు పోయి, పంట పోయినదనియో, రోగము వచ్చినదనియో, ఎంత చెల్లింపగలమో చెప్పి, ఆ మాటనే కాగితముపై వ్రాసి కంపెనీ శాఖకు స్పీడు పోస్టులో పంపి, రసీదు దాచుకొనుట మేలు. కష్టములో పడిన బాకీదారులను గుర్తించి వారితో మాటాడి దారి చూపు ఏర్పాటు కంపెనీలకు ఉండవలెనని రిజర్వు బ్యాంకు నియమము. కావున ఆ ఉత్తరము వారిని దయ అడుగుట కాదు, వారి విధిని గుర్తుచేయుట.

ఉత్తరములో లెక్క అడుగవలెను. ఒక ఉదాహరణము చూతము. 40,000 రూపాయల అప్పు, 24 నెలల గడువు, తగ్గుచున్న నిలువపై నూటికి సాలునకు 24 వడ్డీ. నెలకు వాయిదా సుమారు 2,115 రూపాయలగును. మూడు వాయిదాలు తప్పినచో బకాయి 6,345 రూపాయలు. ఆలస్యమునకు అపరాధపు సొమ్ము వేయదలచినచో ఈ 6,345 పైననే వేయవలెను. మిగిలిన అప్పంతటిపై వేయరాదు. గడువునకు ముందే తీర్చినందుకు జరిమానా కూడదు. ఇంకొక మోసము ఫ్లాటు వడ్డీ. అదే 40,000 కు ‘నూటికి 12 మాత్రమే’ అని చెప్పి, రెండేండ్లకు 9,600 వడ్డీ ముందే కలిపి 24 భాగములు చేసినచో, నెలకు 2,067 రూపాయలు పడును. తీర్చినకొలది అప్పు తగ్గుచుండగా వడ్డీ మాత్రము మొదటి మొత్తముపైననే నడచుచున్నది కనుక నిజమైన వడ్డీ ఇంచుమించు నూటికి 21½. మన పెద్దలు ‘నూటికి నెలకు రెండు రూపాయలు’ అను లెక్క ఎరిగినవారు. ఆ లెక్కలోనికి మార్చి చూపినచో ఎవరికైనను బోధపడును. రిజర్వు బ్యాంకు 2022 నియమములలో వడ్డీకి గరిష్ఠ పరిమితిని అంకెలలో పెట్టలేదు. మితిమీరరాదని మాత్రమే చెప్పినది. కుటుంబము నెలకు కట్టు వాయిదాలన్నియు కలిపి నెల ఆదాయములో సగము మించరాదని మాత్రము కచ్చితముగా పెట్టినది. నెలకు 15,000 వచ్చు ఇంటికి అన్ని అప్పుల వాయిదాలు 7,500 లోపుననే యుండవలెను. అది మించి అప్పిచ్చిన కంపెనీ తన తప్పునకు కూడ జవాబు చెప్పవలసి యుండును. అప్పు దానితో పోదు గాని, గడువు పెంచుమని అడుగుటకు అది బలమైన ఆధారము.

ఒక అప్పును తీర్చుటకు ఇంకొక కంపెనీ వద్ద అప్పు చేయవలదు. 2010 నాటి ఇండ్లు కూలినది ఈ మెట్టు మీదనే. తప్పనిసరియైనచో మహిళా సంఘము ద్వారా బ్యాంకు అప్పు గాని, స్త్రీనిధి అప్పు గాని దొరకునేమో మొదట విచారింపవలెను.

ఫిర్యాదు ఎవరికి?

మొదట కంపెనీకే. ఫిర్యాదు చేయవలసిన చిరునామా, ఫోను నంబరు ఋణ కార్డుపైననే ఉండవలెను. ఆ కార్డు బాకీదారునకు తెలిసిన భాషలో ఉండవలెను. 30 దినములలో జవాబు రానిచో, వచ్చిన జవాబు తృప్తికరము కానిచో, రిజర్వు బ్యాంకు ఓంబుడ్స్‌మనుకు వ్రాసికొనవచ్చును. 2021 నవంబరులో ఈ ఏర్పాటును దేశమంతటికి ఒకటిగా చేసిరి. రుసుము లేదు, వకీలు అక్కరలేదు. 14448 నంబరునకు ఫోను చేసి వివరము తెలిసికొనవచ్చును.

బెదిరింపు, దౌర్జన్యములకు మాత్రము 30 దినములు వేచియుండ నక్కరలేదు. ఆ క్షణమున 112. తరువాత ఠాణాలో వ్రాతమూలకముగా ఫిర్యాదు. 2024 జూలై 1 నుండి పాత పీనల్ కోడు స్థానమున భారతీయ న్యాయ సంహిత అమలులో నున్నది. అందు ఇంటిలో అక్రమ ప్రవేశము 329, దారికడ్డుట 126, బెదిరింపు 351, బలవంతముగా సొమ్ము లాగుట 308, స్త్రీ గౌరవమునకు భంగకరమైన మాటలు సైగలు 79వ సెక్షనులలో నున్నవి. ఫిర్యాదులో సెక్షనులు వ్రాయుటకన్న తేదీ, గంట, వచ్చినవాని పేరు, అతడు పలికిన మాటలు ఉన్నవున్నట్లు వ్రాయుట ముఖ్యము. ‘నానా మాటలు అనెను’ అని వ్రాసిన కాగితము కోర్టులో నిలువదు. ఠాణాలో తీసికొననిచో జిల్లా పోలీసు సూపరింటెండెంటునకు పోస్టులో పంపవచ్చును.

స్త్రీలకు, షెడ్యూల్డు కులములు, తెగలవారికి ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచిత న్యాయసహాయము 1987 నాటి చట్టము కల్పించినది. 15100 నంబరునకు గాని, మండల న్యాయసేవా కమిటీకి గాని చెప్పుకొన్నచో దావా పడకముందే లోక్ అదాలతులో రాజీకి పిలిపింతురు. అక్కడ కుదిరిన రాజీ కోర్టు డిక్రీతో సమానము, అప్పీలు లేదు. కనుక నెలకు ఎంత కట్టగలమో ఇంటిలో కూర్చుండి లెక్క చూచుకొని మరీ పోవలెను.

పంచాయతీ సభ్యులు చేయరాని పనులు కూడ ఉన్నవి. రచ్చబండ మీద కూర్చుండి ‘ఇంత కట్టుము’ అని తీర్పు చెప్పరాదు. ఆ అధికారము మనకు లేదు. బాకీదారుల జాబితా పంచాయతీ బోర్డుపై అంటింపరాదు. బాకీ తీర్చువరకు ఏ ధ్రువపత్రము గాని ఇయ్యమని ఆపరాదు. కంపెనీవద్ద కమీషను తీసికొని వసూలునకు తోడుపోవు సభ్యులు కొందరున్నారని వినుచున్నాము. వారికి మేము చెప్పదగినది లేదు. వారిని ఎన్నుకొన్న వారికి మాత్రము ఈ సంగతి తెలియవలెను.

తక్కిన అప్పుల సంగతి క్లుప్తముగా చెప్పెదము. ఊరి వడ్డీవ్యాపారి వద్ద ప్రామిసరీ నోటు వ్రాసినచో, చెల్లించిన ప్రతి పైసను నోటు వెనుక చెల్లు వేయించుకొనవలెను. అంతయు తీరిన దినమున నోటు చేతికి తీసికొనవలెను. అప్పు క్రింద కొడుకునో కూతురునో పాలేరుతనమునకు పెట్టుకొనుట 1976 నాటి వెట్టిచాకిరి నిర్మూలన చట్టము క్రింద నేరము. అట్టి బాకీయే చెల్లదు. ఫోను యాపుల ద్వారా అప్పిచ్చువారు ఫోనులోని పేర్ల పట్టికను, ఫోటోలను తీసికొనరాదని రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరులో ఆదేశించెను. ఫోటోలు మార్చి బంధువులకు పంపి బెదిరించువారికి ఒక్క రూపాయియైనను కట్టక, వారి సందేశములను చెరిపివేయక, 1930 నంబరునకు ఫోను చేయవలెను.

వసూలుదారు వచ్చిపోయిన రాత్రి ఇంటిలో ఒంటరిగా, మాటాడక, అన్నము ముట్టక కూర్చున్నవారిని సభ్యులు ఉపేక్షింపరాదు. పురుగుమందు డబ్బాలను ఆ ఇంటినుండి తీయించి, ఎవరినైనను తోడుంచవలెను. 14416 నంబరునకు ఏ వేళనైనను ఉచితముగా ఫోను చేసి తెలుగులో మాటాడవచ్చును. కాగితములు, లెక్కలు మరునాడు చూచుకొనవచ్చును.

అప్పు పూర్తిగా తీరినపుడు, లేక రాజీ మొత్తము చెల్లించినపుడు, ‘బాకీ లేదు’ అను పత్రమును, ఇచ్చియుంచిన చెక్కులను, కాగితములను తిరిగి తీసికొనవలెను. కొన్ని నెలల తరువాత ఋణ సమాచార సంస్థనుండి సంవత్సరమునకొకసారి ఉచితముగా దొరకు నివేదికను తెప్పించి, అందు ఆ అప్పు ముగిసినట్లు వ్రాయబడెనో లేదో చూడవలెను. తప్పుగా నున్నచో కంపెనీకి వ్రాసి సరిచేయింపవలెను. ఈ పనికి చదువు వచ్చిన పిల్లవాని సహాయము చాలును.